కారు ఆయిల్ ఫిల్టర్: మంచిది ఎలా గుర్తించాలి, చోటు మార్చడం ఎవరికి అవసరం?

సిద్దిపేట: పట్టణానికి 2023 అక్టోబర్‌లో రైలు వచ్చింది. అయినా పెళ్లికో, దవాఖానకో, ఎయిర్‌పోర్టుకో ఇంటిల్లిపాదీ కదలాలంటే ఇప్పటికీ కారే దిక్కు. గల్ఫ్ నుంచి వచ్చే కొడుకును తీసుకురావాలన్నా, ఉమ్రాకు వెళ్లే అమ్మానాన్నలను సాగనంపాలన్నా రాజీవ్ రహదారి పట్టి, శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరాలి. పోను రాను రెండున్నర వందల కిలోమీటర్ల పైమాటే. దారి మధ్యలో ఇంజన్ జామ్ అయితే ఆగేది బండి ఒక్కటే కాదు, ఫ్లైట్ కూడా పోతుంది. ట్యాక్సీ నడిపే ఇంట్లో అయితే నెల ఆదాయమే ఆగిపోతుంది.

ఇంజన్ అర్ధాంతరంగా పాడవడానికి పెద్ద కారణాల్లో ఒకటి ఆయిల్ సరిగా అందకపోవడం. ఆయిల్ శుభ్రంగా ఉండేలా చూసేది ఆయిల్ ఫిల్టర్. చిన్న పెట్రోల్ కార్లకు దాని ధర కొన్ని వందల రూపాయలు దాటదు. దాన్ని పట్టించుకోకపోతే వచ్చే ఇంజన్ పని ఖర్చు మాత్రం వేలల్లో మొదలై, పెద్ద డీజిల్ బండి అయితే లక్ష దాకా పోవచ్చు. ఈ మధ్య కొందరు ఫిల్టర్‌ను ఇంజన్ మీది నుంచి తీసి వేరే చోట బిగించే కిట్ల గురించి కూడా అడుగుతున్నారు. మంచి ఫిల్టర్‌ను ఎలా గుర్తించాలి, చోటు మార్చడం ఎవరికి పనికొస్తుంది, ఎవరికి వద్దు అన్న విషయాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

ఫిల్టర్ చేసే పని

ఇంజన్ కింద ఆయిల్ చాంబర్ ఉంటుంది. అందులోని ఆయిల్‌ను పంపు పీల్చి ముందు ఫిల్టర్‌లోకి, అక్కడి నుంచి క్రాంక్ బేరింగ్‌లకు, పైన వాల్వులు నడిపే భాగాలకు పంపిస్తుంది. టర్బో ఉన్న బండిలో టర్బోకు కూడా ఇదే ఆయిల్ పోతుంది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు లోహం లోహాన్ని తాకకుండా మధ్యలో సన్నటి ఆయిల్ పొర నిలబడుతుంది. ఆ పొర మందం కొన్ని మైక్రాన్లే. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుందంటే ఆ పొర ఎంత పలుచనో అర్థమవుతుంది. ఆ సందులోకి ఇసుక రేణువో, లోహపు రజనో చేరితే బేరింగ్ మీద గీత పడుతుంది. గీతలు పెరిగేకొద్దీ ఆయిల్ ప్రెషర్ తగ్గుతుంది. చివరికి ఇంజన్ చప్పుడు మొదలవుతుంది.

మొదట్లో కార్లకు ఈ ఫిల్టరే ఉండేది కాదు. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్ అనే ఆయన ఆయిల్ వడకట్టే పరికరం తయారు చేసి దానికి ప్యూరొలేటర్ అని పేరు పెట్టాడు. 'ప్యూర్ ఆయిల్ లేటర్' అన్న మూడు మాటలు కలిపితే వచ్చిన పేరది. మరుసటి ఏడాది వచ్చిన క్రైస్లర్ కారులో ఫిల్టర్‌ను కంపెనీలోనే బిగించారు. ఇప్పుడు అందరూ చూస్తున్న తిప్పి బిగించే డబ్బా ఫిల్టర్లు 1950ల్లో వాడుకలోకి వచ్చాయి.

నేడు మన రోడ్ల మీద రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి ఇనుప డబ్బా రకం. మొత్తం డబ్బానే తీసి పారేసి కొత్తది బిగిస్తారు. ఎక్కువ పెట్రోల్ కార్లకు ఇదే. రెండోది కాగితపు గుండీ రకం. ఇంజన్‌కు ఉన్న మూత విప్పి లోపలి కాగితపు గుండీని మాత్రమే మారుస్తారు. 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్‌తో వచ్చిన పాత స్విఫ్ట్, డిజైర్ లాంటి వాటికి ఈ రకం ఉంటుంది. దీంట్లో మూత కింది రబ్బర్ రింగును కూడా ప్రతిసారీ మార్చాలి. పాత రింగే వేసి బిగిస్తే ఆయిల్ చెమ్మ మొదలవుతుంది.

డబ్బా లోపల ఏముంటుంది?

బయట నుంచి చూస్తే అన్ని డబ్బాలూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా లోపలే.

వడకట్టే కాగితం: మడతలు మడతలుగా ఉంటుంది. మామూలు వాటిలో సెల్యులోజ్, ఖరీదైన వాటిలో సింథటిక్ పీచు లేదా రెండూ కలిపినది వాడతారు. మడతలు ఎక్కువగా, సమంగా ఉంటే మురికి పట్టే సామర్థ్యం ఎక్కువ.

వెనక్కి పోకుండా ఆపే రబ్బర్ వాల్వ్: ఇంజన్ ఆపినప్పుడు ఫిల్టర్‌లోని ఆయిల్ తిరిగి చాంబర్‌లోకి జారిపోకుండా ఇది ఆపుతుంది. పక్కకు లేదా తలకిందులుగా బిగించే ఫిల్టర్లకు ఇది చాలా ముఖ్యం. ఇది గట్టిపడితే పొద్దున స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు ఇంజన్ టకటకమంటుంది. నైట్రైల్ రబ్బర్ కంటే సిలికాన్ రబ్బర్ వేడికి ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది.

బైపాస్ వాల్వ్: ఫిల్టర్ మురికితో మూసుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడ్డా ఇది తెరుచుకుని ఆయిల్‌ను వడకట్టకుండానే ఇంజన్‌కు పంపిస్తుంది. మురికి ఆయిల్ అయినా సరే, అసలు ఆయిల్ లేకపోవడం కంటే నయం కాబట్టి ఈ ఏర్పాటు. చాలా కార్లకు ఇది ఒక బార్ ప్రెషర్ తేడాకు అటూఇటుగా తెరుచుకుంటుంది. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వ్ ఫిల్టర్‌లో కాకుండా ఇంజన్ బ్లాక్‌లోనే ఉంటుంది. అందుకే చూడటానికి సరిపోయింది కదా అని ఏదో ఒక ఫిల్టర్ బిగించకూడదు.

మధ్య గొట్టం, రెండు వైపులా మూతలు: ఆయిల్ ఒత్తిడికి కాగితం నలిగిపోకుండా ఇవి నిలబెడతాయి. చవక ఫిల్టర్లలో కాగితాన్ని మూతకు అంటించిన జిగురు ఊడిపోవడం, కాగితం చిరగడం లాంటివి జరుగుతాయి. చిరిగిన కాగితం ఉన్న ఫిల్టర్ ఆయిల్‌ను వడకట్టదు, ఉట్టినే దాటిస్తుంది.

మంచి ఫిల్టర్ ఎంపిక: చూడాల్సినవి

మొదటిది పార్ట్ నంబర్. కారు మోడల్ పేరు ఒక్కటే చెబితే చాలదు. తయారైన సంవత్సరం, పెట్రోలా డీజిలా, ఇంజన్ రకం కూడా చెప్పాలి. ఒకే పేరుతో వచ్చిన కార్లలో వేర్వేరు ఇంజన్లు ఉంటాయి. ఓనర్ మాన్యువల్‌లో ఉన్న నంబర్‌ను, లేదా కంపెనీ కేటలాగ్‌లో దానికి సరిసమానంగా చూపించిన నంబర్‌ను పట్టుకుని కొనాలి.

రెండోది చూడీలు, అంటే థ్రెడ్. చాలా జపాన్ తరహా ఇంజన్లకు 20 మిల్లీమీటర్ల వ్యాసం, 1.5 పిచ్ థ్రెడ్ ఉంటుంది. కొన్ని ఇంజన్లకు ముప్పావు అంగుళం, అంగుళానికి 16 చుట్ల థ్రెడ్ ఉంటుంది. ముప్పావు అంగుళం అంటే 19 మిల్లీమీటర్ల పైచిలుకు. రెండూ దగ్గర దగ్గర సైజులే కాబట్టి ఒకటి రెండు చుట్లు ఎక్కి మోసం చేస్తాయి. బలవంతంగా బిగిస్తే ఇంజన్ వైపు చూడీలు పోతాయి, లేదా నడుస్తుండగా ఫిల్టర్ ఊడి వస్తుంది. కొత్త ఫిల్టర్ చేత్తోనే సాఫీగా ఎక్కాలి. ఎక్కకపోతే అది ఆ బండిది కాదు.

మూడోది వడకట్టే సామర్థ్యం. దీన్ని కొలవడానికి ఐఎస్ఓ 4548-12 అనే అంతర్జాతీయ పరీక్ష ఉంది. మంచి కంపెనీలు ఆ పరీక్ష ప్రకారం ఎన్ని మైక్రాన్ల రేణువులను ఎంత శాతం ఆపుతుందో చెబుతాయి. ఉదాహరణకు 20 మైక్రాన్ల దగ్గర 99 శాతం అంటే, ఆ సైజు రేణువులు వంద వస్తే 99 ఆగిపోతాయి, ఒకటి దాటుతుంది. కొందరు ఇదే విషయాన్ని బీటా అంకెలో చెబుతారు. బీటా 2 అంటే 50 శాతం, బీటా 20 అంటే 95 శాతం, బీటా 100 అంటే 99 శాతం. మైక్రాన్ల సంఖ్య ఒక్కటే చెప్పి శాతం చెప్పకపోతే ఆ మాటకు అర్థం లేదు. 20 మైక్రాన్ల ఫిల్టర్ అని రాసి అందులో సగం రేణువులనే ఆపేవి కూడా ఉంటాయి.

నాలుగోది సైజు. స్థలం ఉందని పొడవాటి ఫిల్టర్ వేయడం కొందరికి అలవాటు. థ్రెడ్, గ్యాస్కెట్ వ్యాసం, బైపాస్ సెట్టింగ్ మూడూ కలిస్తేనే అది సరైన పని. కింద నేలకు తగిలేలా వేలాడితే స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఫిల్టర్ పగిలి ఆయిల్ అంతా రోడ్డు పాలవుతుంది.

కారు కంపెనీ సొంత పార్ట్‌తో పాటు బాష్, మాన్, మాలె, ప్యూరొలేటర్, ఎలోఫిక్, ఫ్లీట్‌గార్డ్ లాంటి పేర్లు మన షాపుల్లో దొరుకుతాయి. పేరు ఏదైనా సరే, బండికి సరైన నంబర్, అసలు సరుకు అన్న రెండు షరతులూ కుదరాలి. మామూలు వాడకానికి కంపెనీ పార్ట్ చాలు. రేసు కార్ల కోసం అని అమ్మే ఖరీదైన ఫిల్టర్ ఇంటి కారుకు కొత్తగా చేసే మేలు ఏమీ ఉండదు.

నకిలీని పట్టుకోవడం ఎలా?

బాగా అమ్ముడయ్యే ఫిల్టర్లకే నకిలీలు ఎక్కువ. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఎంఆర్పీ, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. ఇవి లేని పెట్టెను అక్కడే పక్కన పెట్టేయాలి. హోలోగ్రామ్, క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్‌తో స్కాన్ చేసి చూడాలి.

తర్వాత డబ్బా తీసి చూడాలి. అక్షరాలు మసకగా ఉన్నాయా? గ్యాస్కెట్ గాడిలో సరిగా కూర్చుందా? రంధ్రాల అంచుల్లో ఇనుప ముక్కలు, రజను వేలాడుతున్నాయా? చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి పెన్ను మొనతో మెల్లగా నొక్కితే రబ్బర్ వాల్వ్ మెత్తగా కదిలి వెనక్కి రావాలి. అసలు వాల్వే కనిపించకపోతే, ఆ ఇంజన్‌కు వాల్వ్ అవసరం లేని రకమో కాదో కేటలాగ్‌లో చూసుకోవాలి. పాత అసలు ఫిల్టర్‌ను పక్కన పెట్టి పోల్చి చూస్తే చాలా తేడాలు ఇట్టే దొరుకుతాయి.

బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోవాలి. బిల్లు లేకుండా ఏ ఫిర్యాదూ నిలబడదు. మోసం జరిగిందని అనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు కూడా వెళ్లవచ్చు.

ఎప్పుడు మార్చాలి?

ఫిల్టర్, ఆయిల్ రెండూ కలిపే మార్చాలి. కొత్త ఆయిల్ పోసి పాత ఫిల్టర్ ఉంచితే, అందులో నిలిచిన మురికి ఆయిల్ కొత్తదానిలో కలుస్తుంది. నూరు రూపాయలు మిగిల్చి వేల రూపాయల ఆయిల్‌ను పాడు చేసుకున్నట్టే.

చాలా కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందు వస్తే అది అని మాన్యువల్‌లో ఉంటుంది. అయితే అదే మాన్యువల్‌లో కఠిన వాడకం అని వేరే పట్టిక కూడా ఉంటుంది. దుమ్ము రోడ్లు, చిన్న చిన్న దూరాలు, ఎక్కువ బరువు, గంటల తరబడి ఏసీ వేసి ఇంజన్ ఆన్‌లో ఉంచడం, ట్యాక్సీ వాడకం ఇవన్నీ దాని కిందికే వస్తాయి. సిద్దిపేట చుట్టుపక్కల మండలాల్లో మట్టి రోడ్ల మీద, క్వారీ దుమ్ములో తిరిగే బండికి, మే నెల 40 డిగ్రీలు దాటే ఎండలో రోజూ హైదరాబాద్ వెళ్లొచ్చే బండికి ఆ రెండో పట్టికే వర్తిస్తుంది. బండి తక్కువ తిరిగినా ఏడాదికి ఒకసారి మార్చడం తప్పదు. పండుగలకే బయటికి తీసే కారులో ఆయిల్ తేమ పట్టి పాడవుతుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు అమ్మినవాడి మాట మీద ఆధారపడకుండా, కొన్న వారంలోనే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించుకోవడం మంచిది. అప్పుడు తీసిన పాత ఫిల్టర్ బండి చరిత్ర చెబుతుంది. దాన్ని ఫిల్టర్ కట్టర్‌తో కోయించి కాగితం విప్పి చూడాలి. రంపంతో కోస్తే రంపపు రజను కలిసి అసలు సంగతి తెలియదు. మడతల్లో అయస్కాంతానికి అంటే రజను ఎక్కువగా ఉన్నా, బంగారు రంగులో, వెండి రంగులో మెరిసే పొరలు కనిపించినా బేరింగ్‌లు అరుగుతున్నట్టు అనుమానించాలి.

మార్చేటప్పుడు చేసే తప్పులు

గోరువెచ్చగా ఉన్న ఇంజన్ నుంచి ఆయిల్ దింపాలి. మరీ వేడిగా ఉంటే చేతులు కాలతాయి. ఫిల్టర్ విప్పాక పాత గ్యాస్కెట్ దానితో పాటే వచ్చిందో లేదో చూడాలి. అది ఇంజన్‌కే అంటుకుని ఉండిపోతే, దాని మీద కొత్తది బిగిస్తే రెండు గ్యాస్కెట్లు అవుతాయి. కాసేపు బాగానే నడిచి, ప్రెషర్ పెరిగాక ఒక్కసారిగా ఆయిల్ చిమ్ముతుంది. గ్యారేజీల్లో కొత్తగా పని నేర్చుకునే పిల్లలకు ఉస్తాదులు మొదట నేర్పాల్సిన విషయం ఇదే.

కొత్త గ్యాస్కెట్‌కు కొత్త ఆయిల్ వేలితో రాయాలి. గ్రీజు వద్దు. చేత్తో తిప్పుతూ గ్యాస్కెట్ తాకిన చోటు నుంచి ఇంకో ముప్పావు చుట్టు తిప్పితే చాలు. డబ్బా మీద వేరే కొలత రాసి ఉంటే దాన్నే పాటించాలి. పానాతో, చైన్‌తో బలంగా బిగిస్తే గ్యాస్కెట్ నలుగుతుంది, తర్వాతిసారి విప్పడం నరకమవుతుంది. కాగితపు గుండీ రకానికి మూత మీద రాసిన టార్క్‌నే వాడాలి.

ఇంజన్ స్టార్ట్ చేసి ఎర్ర ఆయిల్ లైటు ఆరే వరకు ఎక్సలేటర్ తొక్కకూడదు. కొన్ని నిమిషాలు నడిపి, కింద ఆయిల్ కారుతోందా అని టార్చ్‌తో చూసి, ఆపి పది నిమిషాలాగి గేజీ తీసి చూడాలి.

చోటు మార్చడం అంటే ఏమిటి?

కొన్ని బండ్లలో ఫిల్టర్ చేయి దూరని మూలలో, ఎగ్జాస్ట్ పైపు పక్కన, లేదా నేలకు దగ్గరగా ఉంటుంది. దాన్ని తీసి అందుబాటులో ఉన్న చోట పెట్టేదే రీలొకేషన్ కిట్. ఇందులో మూడు భాగాలుంటాయి. ఇంజన్ మీద ఫిల్టర్ ఉండే చోట బిగించే అడాప్టర్ ప్లేట్. ఛాసిస్ మీద వేరే చోట బిగించే తల, ఫిల్టర్‌ను దీనికే బిగిస్తారు. ఈ రెంటినీ కలిపే రెండు హోస్ పైపులు. ఒకటి ఆయిల్ తీసుకెళ్లేది, ఇంకోటి వడకట్టిన ఆయిల్‌ను తిరిగి తెచ్చేది.

బస్సులు, జనరేటర్లు, భారీ యంత్రాల్లో ఫిల్టర్‌ను దూరంగా పెట్టడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. కానీ అక్కడ పైపులు, పంపు అన్నీ దానికి తగ్గట్టు కంపెనీలోనే లెక్కేసి పెడతారు. మామూలు కారుకు తర్వాత పెట్టించినప్పుడు ఆ లెక్కంతా మెకానిక్ మీదే పడుతుంది.

ఎవరికి అవసరం?

ఇంజన్ మార్చిన పాత జీపుల్లో కొత్త ఇంజన్ ఫిల్టర్ స్టీరింగ్ రాడ్‌కో, యాక్సిల్‌కో తగులుతుంటే ఇది నిజంగా పనికొస్తుంది. విడిగా ఆయిల్ కూలర్ పెట్టేవారికి, రాళ్లు తప్పల్లో తిరిగే బండిలో ఫిల్టర్ కింద దెబ్బ తింటున్నవారికి కూడా ఉపయోగం ఉంది. రోజూ సర్వీసులు చేసే ట్రావెల్స్ వాళ్లు పని సులువు అవుతుందని ఆలోచించవచ్చు.

ఇంట్లో వాడే ఆల్టో, వ్యాగన్ఆర్, స్విఫ్ట్, ఐ10 లాంటి కార్లకు మాత్రం అవసరం లేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు పడే పని సులువు చేసుకోవడానికి, ఏడాది పొడవునా లీకు ప్రమాదాన్ని తలకెత్తుకోవడం అవుతుంది. కింద దెబ్బ తగులుతుందన్న భయం ఉంటే ముందు ఇంజన్ కింద రక్షణ ప్లేట్ ఉందో లేదో చూసుకోవాలి. చాలా బండ్లలో అది ఊడిపోయాక మళ్లీ ఎవరూ పెట్టరు. చాలామందికి అసలు పరిష్కారం అదే.

పెట్టించేవారు గమనించాల్సినవి

పైపులు: ఇంజన్ వేడెక్కాక ఆయిల్ 100 డిగ్రీల పైన ఉంటుంది. నడిచేటప్పుడు ప్రెషర్ మామూలుగా 3 నుంచి 5 బార్, చల్లటి ఇంజన్ రేజ్ చేసినప్పుడు ఇంకా ఎక్కువ. డీజిల్ పైపు, నీళ్ల పైపు ముక్కలు, పైన క్లిప్పులు దీనికి పనికిరావు. వేడి ఆయిల్‌కు తగిన హైడ్రాలిక్ హోస్ తీసుకుని, జేసీబీ, ట్రాక్టర్ పైపులు చేసే దుకాణంలో మెషిన్ మీద నొక్కించిన ఫిటింగ్‌లే వాడాలి. లోపలి వ్యాసం కనీసం అర అంగుళం ఉండాలి. సన్నటి పైపు, ఎక్కువ పొడవు, పదునైన మలుపులు ఉంటే బేరింగ్‌లకు చేరేసరికి ప్రెషర్ తగ్గిపోతుంది.

దారి: పైపు ఎగ్జాస్ట్‌కు దూరంగా, బెల్టుకు, ఫ్యాన్‌కు, టైరుకు తగలకుండా వెళ్లాలి. ఇంజన్ ఊగుతుంది, ఛాసిస్ ఊగదు. కాబట్టి పైపుకు కొంచెం వదులు ఉండాలి. రేకు అంచులు తగిలే చోట రబ్బర్ తొడుగు వేయాలి. ఇంజన్ ఆయిల్ సుమారు 200 డిగ్రీలు దాటితే మండే ఆవిరి వదులుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. దాని మీద ఆయిల్ చిమ్మితే మంటలు లేస్తాయి. కుటుంబం లోపల కూర్చుని ఉండగా జరగకూడని ప్రమాదం ఇదే.

లోపలికి, బయటికి: అడాప్టర్ మీద, తల మీద ఉన్న ఇన్, ఔట్ గుర్తులు తప్పకూడదు. ఫిల్టర్‌లో ఆయిల్ అంచున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి లోపలికి వెళ్లి, నడి రంధ్రం నుంచి బయటికి వస్తుంది. పైపులు తారుమారు చేస్తే ఆయిల్ వెనక నుంచి వచ్చి, రబ్బర్ వాల్వ్‌ను మూసేస్తుంది. దారి మూసుకుని ఇంజన్‌కు ఆయిల్ అందదు. నిమిషాల్లో బేరింగ్‌లు పోతాయి. ఇంజన్ అడాప్టర్ నుంచి బయటికి వచ్చే పైపు, తల మీద లోపలికి వెళ్లే దానికి కలవాలి. బిగించే ముందు పైపులకు రంగు టేపు చుట్టుకుంటే తప్పు జరగదు.

ఫిల్టర్ నిలబెట్టే తీరు: వీలైతే రంధ్రాల వైపు పైకి ఉండేలా, డబ్బా కిందికి వేలాడేలా పెట్టాలి. అప్పుడు ఇంజన్ ఆపినా ఆయిల్ అందులోనే ఉంటుంది, విప్పేటప్పుడు కూడా కారదు. బంపర్ వెనక, మొదటి దెబ్బ తగిలే చోట అసలే పెట్టకూడదు.

ఆయిల్ కొలత: పైపుల్లో కూడా ఆయిల్ నిండుతుంది. అర అంగుళం పైపులు మీటరు పొడవువి రెండు ఉంటే పావు లీటరుకు పైగా పడుతుంది. మూడు లీటర్ల చిల్లర పట్టే చిన్న ఇంజన్‌కు ఇది తక్కువేం కాదు. మామూలు కొలతే పోసి వదిలేస్తే గేజీలో ఆయిల్ తక్కువ చూపిస్తుంది.

మొదటి స్టార్ట్: కొత్త ఫిల్టర్‌లో, పైపుల్లో ముందే ఆయిల్ నింపాలి. పెట్రోల్ బండి అయితే ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, కొన్ని సెకన్ల చొప్పున ఆగి ఆగి సెల్ఫ్ కొట్టాలి. ఆయిల్ లైటు ఆరాకే ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేయాలి. స్టార్ట్ అయ్యాక ప్రతి కీలూ పొడి గుడ్డతో తుడిచి, మళ్లీ చెమ్మ వస్తోందా అని చూడాలి. 50 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, తర్వాత ప్రతి సర్వీసులో పైపులు తప్పకుండా పరిశీలించాలి. వీలైతే ప్రెషర్ గేజీ పెట్టించుకోవడం మేలు.

వారంటీ, ఇన్సూరెన్స్, ఆర్‌సీ

వారంటీలో ఉన్న బండికి ఈ మార్పు చేయించకపోవడమే తెలివైన పని. మార్పు చేసిన భాగం వల్ల ఇంజన్ పోయిందని తేలితే కంపెనీ క్లెయిమ్ ఒప్పుకోవడం కష్టం. మామూలు కారు ఇన్సూరెన్స్ యాక్సిడెంట్, దొంగతనం, మంటల నష్టం లాంటి వాటికే. యంత్రం దానంతట అది పాడవడం అందులోకి రాదు. అంటే ఆయిల్ కారిపోయి ఇంజన్ జామ్ అయితే ఖర్చంతా సొంత జేబు నుంచే.

ఇంజన్‌నే మార్చినవారికి ఇంకో విషయం. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. ఇంజన్ మార్పుకు రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో నమోదు చేయించాలి. ఆ కాగితం లేకుండా నడిపితే చెకింగ్‌లోనే కాదు, క్లెయిమ్ సమయంలో కూడా చిక్కులొస్తాయి.

పాత ఆయిల్ ఎక్కడ పోయాలి?

వాడేసిన ఇంజన్ ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. 2016 నాటి కేంద్ర నిబంధనలు ఆ సంగతి చెబుతున్నాయి. వాడిన ఆయిల్‌ను తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి ఉత్పత్తిదారుల మీద కూడా పెట్టారు. మోరీలో పోసిన ఆయిల్ చివరికి చెరువుకే చేరుతుంది. ఊరంతా సాయంత్రం పిల్లలతో కూర్చునే కోమటి చెరువైనా, పల్లెలో బర్రెలు తాగే కుంటైనా అంతే. ఇంట్లో ఆయిల్ మార్చేవారు దాన్ని డబ్బాలో పట్టి, లైసెన్సు ఉన్న సేకరణదారుకు ఇచ్చే గ్యారేజీకి అప్పగించాలి. పాత ఫిల్టర్‌ను ఒక రాత్రంతా బోర్లించి, ఆయిల్ పూర్తిగా కారాకే ఇవ్వాలి. చర్మానికి కూడా పాత ఆయిల్ మంచిది కాదు. గ్లౌజులు వేసుకోవాలి, పిల్లలను దూరంగా ఉంచాలి.

ఎర్ర లైటు వెలిగితే

డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ డబ్బా గుర్తు నడుస్తుండగా వెలిగితే, ప్రజ్ఞాపూర్ దాకా పోదాం, బంకు దాకా పోదాం అనుకోకూడదు. ఆ లైటు చాలా బండ్లలో ప్రెషర్ దాదాపు లేని స్థాయికి పడిపోయాకే వెలుగుతుంది. పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపాలి. పది నిమిషాలాగి గేజీ చూడాలి. కింద ఆయిల్ కారుతుంటే, గేజీలో ఆయిల్ లేకపోతే మళ్లీ స్టార్ట్ చేయకుండా బండిని లాగించుకుని వెళ్లాలి. లాగే బండికి రెండు మూడు వేలు పోయినా ఇంజన్ మిగులుతుంది.

గ్యారేజీకి వెళ్లినప్పుడు ఉస్తాద్‌ను ఐదు మాటలు అడిగితే సగం సమస్యలు రావు. ఫిల్టర్ పార్ట్ నంబర్ ఎంత? పెట్టె చూపిస్తారా? పాత గ్యాస్కెట్ వచ్చిందా? ఎన్ని లీటర్లు పోశారు? పాత ఫిల్టర్ ఏదీ? మంచి మెకానిక్ వీటికి కోపగించుకోడు, పాత ఫిల్టర్ చేతికిచ్చి మరీ చూపిస్తాడు. మార్చిన తేదీ, మీటర్ రీడింగ్ కాగితం మీద రాసి బానెట్ లోపల అంటిస్తే, తర్వాతిసారి ఇంట్లో ఎవరు బండి తీసుకెళ్లినా లెక్క తప్పదు.